చిప్‌కీ ఒక తప్పొప్పుల పట్టిక

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చేసే పని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడమని సంఘం వారు అడిగారు. ఒక షరతు కూడా పెట్టారు. తెలుగు మాస్టారికీ, డ్రిల్లు మాస్టారికీ కూడా అర్థం కావాలట. అందుకని నా పనిలోంచి ఒక్క ముక్కే తీసుకుంటాను. కంప్యూటర్‌లో ప్రోగ్రాము తప్పైతే దిద్దుకోవచ్చని అందరికీ తెలుసు. ఆ ప్రోగ్రాముని నడిపించే చిప్‌లోనే తప్పు ఉంటే ఏం చేయాలి? పైగా ఆ చిప్ మన దగ్గర కాకుండా ఇంకొకరి దగ్గర ఉండి, ఆ ఇంకొకరిని మనం పూర్తిగా నమ్మలేకపోతే? ఇదీ ఈరోజు నా విషయం.

మన లైబ్రరీలోని పాత పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక ఉండేది, గుర్తుందా? పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు గళ్ళు. పుస్తకం అచ్చయిపోయాక తప్పు కనబడితే ప్రతులన్నీ చించి మళ్ళీ అచ్చు వేయలేరు. ఫలానా చోట ఇలా చదువుకోండి అని చెప్పగలరు, అంతే. చిప్‌ల సంగతీ అంతే. ఒక పెద్ద సర్వర్ చిప్‌లో వేల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. అచ్చు వేసినట్టే వాటిని సిలికాన్ మీద ముద్రిస్తారు. అమ్మిన తర్వాత తప్పు బయటపడితే లోపలికి వెళ్ళి దిద్దడం కుదరదు. అందుకే చిప్ చేసే పెద్ద కంపెనీలు చాలావరకు తమ చిప్‌లకు ఒక తప్పొప్పుల పట్టిక ప్రకటిస్తాయి. ఇంటెల్ దాన్ని స్పెసిఫికేషన్ అప్‌డేట్ అంటుంది, ఏఎండీ రివిజన్ గైడ్ అంటుంది. తప్పు ఏమిటి, ఎప్పుడు బయటపడుతుంది, దాన్ని తప్పించుకునే దారి ఏమిటి అని వరుసగా ఉంటుంది. చాలా తప్పుల కింద చివర ఒకే మాట కనబడుతుంది. ఈ చిప్‌లో దీన్ని సరిచేసే ఉద్దేశం లేదు అని. వినడానికి మొండి సమాధానంలా ఉంటుంది కానీ నిజాయితీ ఉన్న సమాధానం అదే. తప్పు ఉండిపోతుంది. దానితో ఎలా బతకాలో మాలాంటివాళ్ళం చూసుకోవాలి.

అన్నిటికన్నా పేరుపడ్డ చిప్ తప్పు 1994 నాటిది. లెక్కల మాస్టార్లకు ఇది నచ్చుతుంది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్ కాలేజీలో థామస్ నైస్లీ అనే గణిత ప్రొఫెసర్ కవల ప్రధాన సంఖ్యల మీద పని చేస్తున్నారు. తన లెక్కల్లో ఎక్కడో కొద్దిగా తేడా వస్తోంది. ప్రోగ్రాముని అనుమానించారు, మిగతా పరికరాలను అనుమానించారు. అన్నీ ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ వస్తే చివరికి మిగిలింది ఇంటెల్ పెంటియం చిప్. అది భాగహారం తప్పు చేస్తోంది. భాగహారం తొందరగా చేయడానికి ఆ చిప్‌లో ఒక పట్టిక ఉంది, మనం లాగరిథమ్ టేబుల్స్ చూసుకున్నట్టు. 1066 గళ్ళు నిండాల్సిన ఆ పట్టికలో ఐదు గళ్ళు ఖాళీగా ఉండిపోయాయి. లెక్క ఆ గళ్ళ మీదుగా పోయినప్పుడే జవాబు తప్పుతుంది. 4195835ని 3145727తో భాగిస్తే 1.3338 రావాలి. ఆ చిప్ 1.3337 చెప్పేది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మన లెక్కల నోటు పుస్తకంలో ప్రతి భాగహారం కింద 'సరిచూచుట' అని రాయించేవారు. భాగఫలాన్ని భాజకంతో గుణించి, శేషం కలిపితే భాజ్యం రావాలి. అదే పని ఆ పెంటియం చేత చేయించండి. వచ్చిన భాగఫలాన్ని 3145727తో గుణించి 4195835లోంచి తీసేస్తే సున్నా రావాలి. ఆ చిప్‌లో 256 వచ్చేది. మొదట్లో ఇంటెల్, అవసరం ఉందని నిరూపించుకున్నవాళ్ళకే చిప్ మార్చి ఇస్తామంది. గొడవ పెద్దదయ్యాక డిసెంబరులో, అడిగిన అందరికీ మారుస్తామని ఒప్పుకుంది. దానికోసం 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది.

తర్వాతి ఏడాది వచ్చిన పెంటియం ప్రో చిప్‌లో దిద్దుబాటుకి ఒక దారి ఉంది. చిప్ లోపల పనులు ఎలా చేయాలో చెప్పే సూక్ష్మమైన సూచనల మీద కొత్త సూచనలు ఎక్కించవచ్చు. దాన్ని మైక్రోకోడ్ అంటారు. అది చిప్‌లో శాశ్వతంగా ఉండదు. కరెంటు పోతే పోతుంది, మళ్ళీ ఆన్ చేసినప్పుడు మళ్ళీ ఎక్కించాలి. ఇది పెన్సిలు దిద్దుబాటు లాంటిది. ఈ దిద్దుబాటు చేసేది ఆ యంత్రం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు. ఈ మాట గుర్తుంచుకోండి, కథంతా దీని మీదే తిరుగుతుంది.

ఇప్పుడు అద్దె ఇళ్ళ సంగతికి వద్దాం. ఈరోజు చాలా బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని పనులకు సొంత కంప్యూటర్ కొనడం మానేశాయి. పెద్ద కంపెనీల దగ్గర అద్దెకు తీసుకుంటున్నాయి. ఒక పెద్ద యంత్రాన్ని ఇంట్లో వాటాలు వేసినట్టు వాటాలు వేసి ఇస్తారు. ఆ ఒక్కొక్క వాటా పేరు వర్చువల్ మెషీన్. లోపల ఉన్నవాడికి అది సొంత కంప్యూటర్ లాగే కనబడుతుంది. వాటాలు వేసే ప్రోగ్రాముని హైపర్‌వైజర్ అంటారు. మనం దాన్ని ఇంటి ఓనరు అనుకుందాం. ఈ ఓనరు దగ్గర ప్రతి వాటాకీ మారు తాళంచెవి ఉంటుంది. అద్దెకున్నవాడి మెమొరీలో ఏముందో కావాలంటే చూడగలడు, మార్చగలడు. ఓనరు మంచివాడే కావచ్చు. కానీ ఓనరు దగ్గర పనిచేసే మనిషో, ఓనరు ఇంట్లో దూరిన దొంగో మంచివాడు కానక్కర్లేదు.

దీనికి విరుగుడుగా వచ్చినవే ఎన్‌క్రిప్టెడ్ వర్చువల్ మెషీన్లు. 2016లో ఏఎండీ ఎస్ఈవీ అనే పద్ధతిని ప్రకటించింది. ఒక్కొక్క వాటాకీ ఒక రహస్య తాళం చిప్ లోపలే పుడుతుంది. ఆ వాటా మెమొరీలో రాసే ప్రతి అక్షరమూ ఆ తాళంతో గుప్తలిపిలోకి మారి బయటికి వెళ్తుంది. ఓనరు తొంగిచూస్తే పిచ్చిగీతలే కనిపిస్తాయి. తొలి పద్ధతిలో ఓనరు చదవలేడు గానీ, పాత కాగితం తెచ్చి కొత్తదాని స్థానంలో పెట్టడం లాంటి మోసాలు చేయగలిగేవాడు. 2021లో మూడో తరం ఎపిక్ చిప్‌లతో వచ్చిన ఎస్ఈవీ-ఎస్ఎన్‌పీ ఆ దారినీ మూసింది. మెమొరీలోని ప్రతి పుటా ఎవరిదో రాసి ఉంచే ఒక పట్టిక చిప్ అధీనంలోకి వచ్చింది. ఇంటెల్ వైపు నుంచి టీడీఎక్స్ అనే పద్ధతి 2023లో నాలుగో తరం జియాన్ చిప్‌లతో మొదలైంది. ఒక్క మాటలో చెప్పాలంటే, మనం ఓనరు మీద పెట్టిన నమ్మకాన్ని తీసి చిప్ మీద పెట్టాం.

నా బ్యాచ్‌లో ఒక డాక్టరు ఉన్నాడు. పక్క పట్నంలో పరీక్షల ల్యాబు నడుపుతున్నాడు. ఇరవై ఏళ్ళ రోగుల రిపోర్టులు అతని దగ్గర ఉన్నాయి. వాటిని క్లౌడ్‌లోకి మార్చమని అమ్మకాల మనిషి ఒకరు వచ్చి, అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, భయం లేదు అన్నారట. చిన్న ఊళ్ళలో ఒక్క రక్త పరీక్ష ఫలితం బయటికి పొక్కితే ఒక పెళ్ళి ఆగిపోతుంది, ఒక ఉద్యోగం పోతుంది. ఆ భయం అతనికి బాగా తెలుసు. అందుకే నాకు ఫోన్ చేసి, నమ్మకమంతా తీసుకెళ్ళి చిప్ మీద పెట్టావు సరే, ఆ చిప్‌లోనే తప్పులు ఉంటాయని నువ్వే చెప్తుంటావు, మరి నేనేం చేయాలి అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్న అది. జవాబు కొంచెం పొడుగు.

మొదట చూడాల్సింది, చిప్‌లో తప్పు ఉంటే దెబ్బ ఎవరికి తగులుతుందన్నది. కొన్ని తప్పుల దెబ్బ ఓనరుకే. ఎస్ఎన్‌పీ చిప్‌లలో ఒక తప్పు ఉంది. ఒక్కొక్క వాటా నడవడానికి ఓనరు కొన్ని ప్రత్యేక పుటలు కేటాయించాలి. అలాంటి పుట సరిగ్గా 2 మెగాబైట్ల హద్దు మీద పడిందంటే, చిప్ కొన్ని సందర్భాల్లో లేని ఆక్రమణ ఉందని పొరబడి కేక వేస్తుంది. దీనికి లినక్స్‌లో చేసిన దిద్దుబాటు చాలా సులువైనది. ఒక పుట కావాల్సిన చోట పక్కపక్కన రెండు పుటలు తీసుకుంటారు. రెండూ ఒకేసారి హద్దు మీద ఉండలేవు కదా! హద్దు మీద లేనిదాన్ని ఉంచుకుని, రెండోదాన్ని వదిలేస్తారు. ఇంటెల్ తొలి టీడీఎక్స్ చిప్‌లలో ఇలాంటిదే ఇంకొకటి ఉంది. వాటాకి చెందిన మెమొరీలో ఓనరు వైపు నుంచి ఒక వరుసలో కొంత భాగం మాత్రమే రాసే సంఘటన జరిగితే ఆ వరుస పైకి తెలియకుండా విషమైపోతుంది. తర్వాత ఎవరు దాన్ని చదివినా యంత్రం మొరాయిస్తుంది. ఇలాంటి తప్పుల విషయంలో నాకు పెద్ద దిగులు లేదు. పడిపోయేది ఓనరు యంత్రం. తన అద్దె పోతుంది కాబట్టి తనే శ్రద్ధగా దిద్దుకుంటాడు.

దిగులంతా రెండో రకం తప్పులతోనే. దెబ్బ అద్దెకున్నవాడికి తగులుతుంది, దిద్దే పని ఓనరు చేతిలో ఉంటుంది. మామూలు అద్దె యంత్రంలో ఇది సమస్య కాదు, అక్కడ ఓనరుని నమ్మాం కాబట్టి. ఇక్కడ ఓనరుని నమ్మం అని మొదటే రాసుకున్నాం. అయినా మైక్రోకోడ్ ఎక్కించేది ఆయనే. యంత్రాన్ని ఆన్ చేసేదీ ఆయనే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ ప్రోగ్రామైనా, నువ్వు ఏ చిప్‌వి, నీకు ఏమేమి వచ్చు అని చిప్‌ని అడగడానికి సీపీయూఐడీ అనే ఒక ఆదేశం ఉంటుంది. వాటాలో ఉన్నవాడు ఆ ప్రశ్న వేస్తే జవాబు ఓనరు చేతుల మీదుగా వస్తుంది. పాత చిప్‌ని చూపించి కొత్తదని చెప్పవచ్చు. జబ్బు ఉన్నదాన్ని లేదని చెప్పవచ్చు. తప్పొప్పుల పట్టిక మన చేతిలోనే ఉంది. మన ముందున్నది ఏ ముద్రణో చెప్పేవాడిని నమ్మలేకపోతే ఆ పట్టిక ఎందుకు పనికొస్తుంది?

ఒక ఉదాహరణ చెప్తాను. ప్రాసెసర్ ప్రతిదానికీ మెమొరీ దాకా పోకుండా, ఈమధ్య వాడినవి దగ్గరే ఉంచుకునే చిన్న చోటుని క్యాష్ అంటారు. మాస్టారు హాజరు ముందు చిత్తు కాగితం మీద వేసుకుని, తీరిక దొరికినప్పుడు రిజిస్టరులో ఎక్కించడం లాంటిది. ఇప్పుడు రిజిస్టరులో ఒక పుటని ఏ సెక్షన్ నుంచి తీసి బీ సెక్షన్‌కి ఇచ్చారనుకోండి. ఏ సెక్షన్ కోసం రాసుకున్న పాత చిత్తు కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. ఎవరో చూసుకోకుండా దాన్ని ఆ పుటలో ఎక్కించేస్తే? బీ సెక్షన్ రాసుకున్నది చెరిగిపోతుంది. ఎస్ఎన్‌పీలో దాదాపు ఇలాంటి లోపమే బయటపడింది. ఓనరు దగ్గర నుంచి ఒక పుట వాటాలోకి మారిన తర్వాత కూడా, క్యాష్‌లో మిగిలిపోయిన పాత వరుసలతో వాటా మెమొరీని పాడుచేసే అవకాశం ఓనరుకి ఉండిపోయింది. చదవలేడు, కానీ చెరపగలడు. రక్త పరీక్ష రిపోర్టులో అంకె చెరిగిపోవడం కూడా చిన్న సంగతి కాదు.

దీనికి 2025 ఆగస్టులో లినక్స్‌లో చేరిన దిద్దుబాటు ఓనరు చేసేది కాదు, వాటా లోపల ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ తనే చేసుకునేది. వాటాలోకి ఒక కొత్త పుట వచ్చినప్పుడు, ఇది నాది అని స్వాధీనం చేసుకునే ఒక ఆదేశం ఉంటుంది. అది ఇచ్చిన వెంటనే ఆ పుటలో మొదటి బైట్‌నీ చివరి బైట్‌నీ ఒకసారి ముట్టుకోవాలి. అలా ముట్టుకుంటే పాత వరుసలు క్యాష్‌లోంచి వెళ్ళిపోతాయి. పుటకి 4096 బైట్లు. 4 గిగాబైట్ల వాటాలో 10,48,576 పుటలు. అన్నిటినీ ఇలా స్వాధీనం చేసుకుంటే 20,97,152 సార్లు ముట్టుకోవాలి. కొత్త ఇంట్లో చేరేటప్పుడు ప్రతి గదీ ఈ మూల నుంచి ఆ మూల దాకా కడుక్కోవడం లాంటిది. పుటని తిరిగి ఓనరుకి ఇచ్చేటప్పుడు ఈ శ్రమ అక్కర్లేదు.

ఈ దిద్దుబాటులో నాకు నచ్చిన చిన్న విషయం ఒకటుంది. ఈ జబ్బు లేని చిప్‌లలో ఇంత శ్రమ వృథా కదా? అందుకని సీపీయూఐడీలో ఒక గడి పెట్టారు. ఆ గడి నిండి ఉంటే ఈ చిప్‌కి ఈ మందు అక్కర్లేదని అర్థం. గమనించండి, నాకు జబ్బు ఉంది అని చెప్పే గడి పెట్టలేదు. నాకు మందు అక్కర్లేదు అని చెప్పే గడి పెట్టారు. జబ్బు ఉందని చెప్పే గడి అయితే ఓనరు దాన్ని చెరిపేస్తే చాలు, వాటా మోసపోతుంది. ఇప్పుడు దాన్ని చెరిపేస్తే ఏమవుతుంది? వాటా అనవసరంగా గదులు కడుక్కుంటుంది. కాస్త ఆలస్యం తప్ప నష్టం లేదు. ఆ గడి సంగతే తెలియని పాత చిప్ అయినా అంతే, ఖాళీగా ఉంటుంది కాబట్టి మందు పడుతుంది. మరి ఓనరు లేని గుణాన్ని ఉన్నట్టు నింపితే? ఎస్ఎన్‌పీలో సీపీయూఐడీ జవాబులను ముందే ఒక పుటలో రాసి పెట్టే పద్ధతి ఉంది. వాటాని మొదలుపెట్టేటప్పుడు చిప్‌లోని భద్రతా ప్రాసెసర్ ఆ పుటని తనిఖీ చేస్తుంది. చిప్‌కి లేని గుణాలను ఉన్నట్టు చెప్పకుండా చూడటానికే ఆ తనిఖీ పెట్టారు.

అంటే మొదటి సూత్రం ఇది. తెలియనప్పుడు జబ్బు ఉందనే అనుకోవాలి. లేదని నమ్మదగిన చోటు నుంచి కాగితం వస్తేనే మందు మానాలి.

అన్ని తప్పులనూ వాటా లోపల నుంచి కడుక్కోలేం. రెండో ఉదాహరణ అలాంటిది. తాళాలు తయారు చేయాలంటే ఎవరూ ఊహించలేని సంఖ్యలు కావాలి. మామూలు కంప్యూటర్‌లో మీటలు నొక్కే వేళలు, డిస్కు తిరిగే వేళలు వంటి చాలా చోట్ల నుంచి ఆ యాదృచ్ఛికతని పోగు చేస్తారు. వాటాలో అవన్నీ ఓనరు చేతిలో ఉన్నవే. ఓనరుకి అందని మూలం ఒక్కటే, చిప్ స్వయంగా సంఖ్యని ఇచ్చే ఆర్‌డీర్యాండ్ అనే ఆదేశం. అందుకే 2024లో లినక్స్‌లో ఒక కఠినమైన నియమం పెట్టారు. ఇలాంటి రహస్య వాటాలో ఆ ఆదేశం నుంచి సంఖ్య రాకపోతే, సర్దుకుపోకుండా యంత్రం మొదలయ్యేటప్పుడే ఆగిపోవాలి.

అదే ఏడాది సెప్టెంబరులో గూగుల్ పరిశోధకులు ఏఎండీకి ఒక కబురు పంపారు. ఏఎండీ జెన్ చిప్‌లలోకి మైక్రోకోడ్ ఎక్కించేటప్పుడు అది కంపెనీ సంతకంతో వచ్చిందో లేదో చిప్ పరీక్షిస్తుంది. ఆ పరీక్షలో వాడిన పద్ధతికి ఒక తాళం ఉంది. ఆ తాళం, పద్ధతిని వివరించే అమెరికా ప్రభుత్వ ప్రమాణ పత్రంలో ఉదాహరణగా ఇచ్చినదే! పాఠ్యపుస్తకంలో సాధించి చూపించిన లెక్కనే పరీక్ష పేపర్లో ఇచ్చినట్టు. దాంతో సంతకాన్ని అనుకరించి, తమకు నచ్చిన మైక్రోకోడ్ ఎక్కించగలిగారు. రుజువుగా ఏం చేశారంటే, యాదృచ్ఛిక సంఖ్య అడిగిన ప్రతిసారీ ఆ చిప్ 4 అని చెప్పేలా మార్చారు. ఎన్నిసార్లు అడిగినా 4.

ఇది ఎంత లోతైన దెబ్బో చూడండి. వాటాలో ఉన్నవాడికి మిగిలిన ఒకే ఒక్క ఆధారం ఆ ఆదేశం. తప్పులు దిద్దడానికి పెట్టుకున్న పెన్సిలుతోనే ఒప్పుని తప్పుగా దిద్దగలిగారు. లోపల కూర్చుని ఎన్ని గదులు కడిగినా దీనికి మందు లేదు. ఏఎండీ 2024 డిసెంబరులో దిద్దుబాటుని యంత్రాల తయారీదారులకు, కంపెనీలకు ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో విషయం లోకానికి చెప్పారు, మార్చిలో పూర్తి వివరాలు వచ్చాయి. మందు చేరవేశాకే జబ్బు పేరు ప్రకటించడం ఈ రంగంలో ఆనవాయితీ. సరే, దిద్దుబాటు వచ్చింది. నా ఓనరు దాన్ని ఎక్కించాడని నాకెలా తెలుస్తుంది?

ఇక్కడ మన పదో తరగతి పరీక్షలు గుర్తు చేసుకోండి. ప్రశ్నపత్రాల కట్ట ఎక్కడెక్కడో ప్రయాణం చేసి వస్తుంది. దారిలో మోసినవాళ్ళు అందరూ మంచివాళ్ళే అని మనం అనుకోనక్కర్లేదు. సీలు చెక్కుచెదరలేదని చూసి, సాక్షుల సంతకాలు అయ్యాకే కట్ట విప్పుతారు. ఎన్‌క్రిప్టెడ్ వాటాలో అలాంటి సీలు పేరు అటెస్టేషన్. వాటా తన చిప్‌ని ఒక నివేదిక అడుగుతుంది. ప్రధాన ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా, చిప్‌లోనే విడిగా ఉండే చిన్న భద్రతా ప్రాసెసర్ ఆ నివేదిక రాసి సంతకం పెడుతుంది. వాటాలో మొదట ఎక్కించిన ప్రోగ్రాము ఏదో దాని ముద్ర అందులో ఉంటుంది. ఫర్మ్‌వేర్ ఎన్నో దిద్దుబాటులో ఉంది, మైక్రోకోడ్ ఎన్నో దిద్దుబాటులో ఉంది అన్న అంకెలూ ఉంటాయి. అడిగినవాడు 64 బైట్లు తనవి అందులో చేర్పించవచ్చు. అందువల్ల పాత నివేదిక తెచ్చి కొత్తదని చూపించడం కుదరదు.

ఇంకా ఒక మెలిక ఉంది. ఏఎండీ పద్ధతిలో ఆ సంతకం పెట్టే తాళం ఒక్కటే కాదు. చిప్‌లో దాగి ఉన్న రహస్యాన్నీ, అప్పటి దిద్దుబాటు అంకెలనీ కలిపి ఆ తాళం పుడుతుంది. దిద్దుబాటు అంకె మారితే సంతకమే మారిపోతుంది. పాత ఫర్మ్‌వేర్ నడుపుతూ కొత్తదాని సంతకం పెట్టడం కుదరదు, ఆ తాళం దానికి పుట్టదు కనుక. ముద్రణ మారినప్పుడల్లా ప్రెస్సువాళ్ళు సీలు కూడా మార్చినట్టు. ఆ సంతకం అసలైనదేనని చెప్పే ధ్రువపత్రం ఏఎండీ నుంచే తెచ్చుకోవచ్చు. మధ్యలో ఓనరు మాట అక్కర్లేదు.

ఇక్కడ మా డాక్టరుకి అసలు ముఖ్యమైన మాట. ఆ నివేదికని వాటా బయట ఉన్న అతని సొంత కంప్యూటర్ పరీక్షించాలి. అంకెలు సరిపోతేనే రోగుల రిపోర్టుల తాళంచెవి వాటాలోకి పంపాలి. సరిపోకపోతే పంపకూడదు. ఎన్‌క్రిప్షన్ ఉందని కాగితం మీద ఉండటం వేరు, మీరు సరిచూసుకున్నాక తాళంచెవి ఇవ్వడం వేరు.

అన్ని తప్పులకీ దిద్దుబాటు దొరుకుతుందని కూడా చెప్పలేను. 2023 నవంబరులో జర్మనీలోని సిస్పా సంస్థ, ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం తదితర చోట్ల పరిశోధకులు క్యాష్‌వార్ప్ అనే దాడిని బయటపెట్టారు. వాటా కొత్తగా రాసుకున్నది మెమొరీకి చేరకముందే ఓనరు క్యాష్‌ని ఖాళీ చేయిస్తాడు. వాటాకి మళ్ళీ పాత విలువే కనిపిస్తుంది. అంత చిన్న పనితో పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వెళ్ళి చూపించారు. మూడో తరం ఎపిక్ చిప్‌లకు ఏఎండీ మైక్రోకోడ్ దిద్దుబాటు ఇచ్చింది. మొదటి, రెండో తరాలకు ఇవ్వలేదు. ఆ తరాల ఎస్ఈవీ మెమొరీని చెరపకుండా కాపాడతానని ఎప్పుడూ మాట ఇవ్వలేదు కాబట్టి దిద్దడానికి ఏమీ లేదంది. పేరు ఒకటే, తరాన్ని బట్టి మాట వేరు.

అందుకని డాక్టరుకే కాదు, ఈ సభలో బ్యాంకు నడిపేవాళ్ళకీ, కాలేజీ నడిపేవాళ్ళకీ, ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకీ మూడు ప్రశ్నలు ఇస్తున్నాను. క్లౌడ్ అమ్మడానికి వచ్చినవారిని ఇవి అడగండి. ఒకటి, నా వాటా ఏ తరం చిప్ మీద, ఏ పద్ధతిలో నడుస్తుంది? రెండు, చిప్ ఇచ్చే నివేదిక నేరుగా నా చేతికి వస్తుందా, కనీసం ఏ దిద్దుబాటు అంకె ఉండాలో నేను నిర్ణయించగలనా? మీరే చూసి బాగుందని చెప్తారా? మూడు, తప్పొప్పుల పట్టికలో కొత్త పంక్తి చేరితే ఎన్ని రోజుల్లో దిద్దుతారు? ఈ మూడిటికీ సూటిగా జవాబు వస్తే ముందుకు వెళ్ళండి. నాలుగోది మీరు మిమ్మల్నే అడగాల్సింది. మన వాటాలోని ఆపరేటింగ్ సిస్టమ్‌ని మనం ఎప్పటికప్పుడు కొత్తది చేసుకుంటున్నామా? గదులు కడిగే మందు ఓనరు దగ్గర లేదని చెప్పాను కదా, అది మీ దగ్గరే ఉంది. ఇక పాస్‌వర్డ్ కాగితం మీద రాసి కౌంటర్ బల్లకి అంటించుకుంటే ఏ చిప్పూ కాపాడదు.

గురువుల ముందు నిలబడి చివరగా ఒక విన్నపం. ఈ చిప్‌ల మీద హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ వేలమంది పనిచేస్తున్నారు. వాళ్ళలో మన తెలుగు మాధ్యమం బళ్ళ నుంచి వచ్చినవాళ్ళు బోలెడుమంది. ఈ పనికి కావాల్సింది ఇంగ్లీషు కన్నా ముందు ఒక అలవాటు. వచ్చిన జవాబుని, అది ఎంత పెద్ద చోటు నుంచి వచ్చినా సరే, ఇంకో దారిలో సరిచూడటం. నైస్లీ గారు చేసింది అదే. ఇప్పటి పిల్లలకు భాగహారం కింద ఆ 'సరిచూచుట' అనే పంక్తి రాయించడం తగ్గిపోయిందని విన్నాను. జవాబు ఫోన్ చెప్తుంటే సరిచూడటం ఎందుకని అనిపించడం సహజమే. కానీ ఫోన్‌లో ఉన్నదీ చిప్పే. దానికీ ఒక తప్పొప్పుల పట్టిక ఉంది.

ఈ వేసవిలో నేను రెండు వారాలు ఊళ్ళోనే ఉంటాను. పదో తరగతికి రాబోయే పిల్లలను హెడ్మాస్టారు ఒక గంట నాకు అప్పగిస్తే, 4195835ని 3145727తో చేత్తో భాగించి, కింద సరిచూచుట కూడా రాసి చూపిస్తారు. పలకలు, సుద్దముక్కలు నేనే తెస్తాను.